పిల్లల్ని అడగనివ్వు తల్లీ

అమ్మాయీ,

చీరాల దగ్గరి ప్రాథమిక పాఠశాలలో నీకు పోస్టింగు వచ్చిందని విన్నప్పటి నుంచి నా మనసు నిండుగా ఉంది. నా సర్వీసంతా ఆ చుట్టుపక్కల బడుల్లోనే గడిచింది కాబట్టి ఆ ఊళ్ళూ ఆ పిల్లలూ నాకు బాగా తెలుసు. మొన్న ఫోనులో నువ్వొక మాట అడిగావు. "పెద్దమ్మా, మూడో తరగతి, నాలుగో తరగతి పిల్లలకి చరిత్ర ఏం చెప్తాం? వాళ్ళకి నిన్నటికీ మొన్నటికీ తేడా తెలియదు. పైగా చరిత్రకని వేరే పుస్తకం కూడా లేదు. పరిసరాల విజ్ఞానంలో అక్కడో పాఠం, ఇక్కడో పాఠం. సాంఘిక శాస్త్రం ఆరో తరగతిలో మొదలవుతుంది కదా, అప్పుడు చూసుకుంటారులే" అన్నావు. అది ఫోనులో రెండు ముక్కల్లో తేల్చే మాట కాదని అప్పుడు ఊరుకున్నాను. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను. నువ్వూ తీరిగ్గా చదువు.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. పిల్లలు మన దగ్గర ఐదో తరగతి దాటి వెళ్ళేలోపు వాళ్ళకి ఒక సంగతి ఒంటబట్టాలి. ఊరి మంచినీళ్ళ ట్యాంకు, రోడ్డు, ఇంటిపన్ను, బడి, సెలవు, ఓటు, ఇవన్నీ ఆకాశం నుంచి ఊడిపడినవి కావు. ఎప్పుడో ఎవరో మనుషులు కూర్చుని నిర్ణయించినవి. మనుషులు నిర్ణయించిన దేన్నయినా ఎందుకిలా అని అడగవచ్చు. బాగుంటే కాపాడుకోవాలి, బాగాలేకపోతే పదిమందీ కలిసి మార్చుకోవచ్చు. ఈ సంగతి తెలిసినవాళ్ళే పౌరులు. తెలియకపోతే ఓటు ఉన్నా, ఆధార్ కార్డు ఉన్నా, ఎవరో వచ్చి తమకి మేలు చేస్తారని ఎదురుచూస్తూ కూర్చునే మనుషులుగానే మిగిలిపోతారు. ఈ సంగతి చెప్పడానికి చరిత్రను మించిన పాఠం లేదు. దానికి ఆరో తరగతి దాకా ఆగక్కర్లేదు.

రేపు బడికి వెళ్ళినప్పుడు గోడ మీద చూడు. చాలా బడుల్లో తలుపు పక్కన పోలింగు స్టేషను నంబరు రంగుతో రాసి ఉంటుంది. ఎన్నికలొచ్చిన ప్రతిసారీ పిల్లల్ని ఇళ్ళకి పంపి, వాళ్ళు కూర్చునే గదిలోనే ఓటింగు యంత్రం పెడతారు. నీ ముందు కూర్చున్న తొమ్మిదేళ్ళ పిల్ల ఇంకో తొమ్మిదేళ్ళకి అదే గదిలో వేలికి సిరా పూయించుకుంటుంది. ఒకప్పుడు ఓటుకి 21 ఏళ్ళు నిండాల్సి ఉండేది. రాజ్యాంగానికి 61వ సవరణ చేశాక 1989 నుంచి 18 ఏళ్ళకే ఓటొచ్చింది. ఈ రెండు రోజుల మధ్య ఆ పిల్లకి మనం ఏమిచ్చాం అన్నదే నా ఆలోచనంతా.

చాలాచోట్ల చరిత్ర పాఠం ఎలా నడుస్తుందో నీకూ తెలుసు. ఫలానా రాజు, ఫలానా సంవత్సరం, ఫలానా యుద్ధం, గెలిచినవారు, ఓడినవారు. కింద ఖాళీలు పూరించండి. అలా నేర్చుకున్న పిల్లలకి మిగిలేది ఒకే ఊహ: గొప్ప పనులన్నీ గొప్పవాళ్ళు చేసేశారు, మన పని చప్పట్లు కొట్టడం. నేను రాజుల్ని వదిలెయ్యమనడం లేదు. రాజుల కథలంటే పిల్లలకి ఇష్టం, చెప్పు. కానీ ప్రతి కథ చివరా రెండు ప్రశ్నలు వాళ్ళ నోట రానివ్వు. "ఇది ఎవరు నిర్ణయించారు? ఇది మనకెలా తెలిసింది?" ఈ రెండూ అలవాటైతే మిగిలిన దారి వాళ్ళే వెతుక్కుంటారు.

దగ్గరి సంగతుల నుంచి మొదలుపెట్టు. కాలం అనేది చిన్నపిల్లలకి అంకెల్లో అర్థం కాదు, మనుషుల్లో అర్థమవుతుంది. "నేను పుట్టాక, అమ్మ చిన్నప్పుడు, తాతయ్య చిన్నప్పుడు, తాతయ్య వాళ్ళ తాతయ్య ఉన్నప్పుడు" అంటే చటుక్కున అందుకుంటారు. తరగతి గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకి ఒక పురికొస కట్టు. దానికి చీటీలు వేలాడదియ్యి. పిల్లలు పుట్టిన ఏడు, బడి కట్టిన ఏడు, ఊరికి కరెంటు వచ్చిన ఏడు, ఇంటింటికీ కుళాయి వచ్చిన ఏడు. ఏడాది పొడవునా ఆ తాడు నిండుతూ ఉండాలి. ఏ చీటీ ఎక్కడ కట్టాలో వాళ్ళనే వాదించుకోనివ్వు.

మీ సముద్ర తీరంలో దొరికే మొదటి చరిత్ర పాఠం ఉప్పెన. 1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన తుపాను రేపల్లె, నిజాంపట్నం, బాపట్ల వైపు కూడా ఎంతోమందిని బలిగొంది. ఆ రాత్రి చూసిన తాతలూ నాయనమ్మలూ ఇంకా ఉన్నారు. వాళ్ళను అడిగి రమ్మని పిల్లలను పంపు. ఒక్కొక్కరూ ఒక్కో తీరుగా చెప్తారు. ఒకరు నీళ్ళు తాటిచెట్టంత ఎత్తు లేచాయంటారు, ఒకరు ఇంటి చూరుదాకా అంటారు. ఒకరు ముందుగా ఎవరూ చెప్పలేదంటారు, ఒకరు రేడియోలో విన్నాం గానీ నమ్మలేదంటారు. మర్నాడు తరగతిలో ఇవన్నీ నల్లబల్ల మీద రాయి. "అందరూ పెద్దవాళ్ళే, అందరూ నిజాయితీపరులే. మరి మాటలు ఎందుకు వేరయ్యాయి?" అని అడుగు. ఎవరెక్కడ నిలబడి చూశారన్నది, చీకటి, భయం, వయసు, ఇవన్నీ పిల్లలే చెప్తారు. చూసినదానికీ విన్నదానికీ తేడా ఉంటుందనీ, ఒక్కరి మాటతో తీర్పు చెప్పకూడదనీ వాళ్ళకి తెలిసే రోజు అది. ఇంట్లో ఎవరినైనా పోగొట్టుకున్న కుటుంబాల పిల్లలుంటే మాత్రం ముందే కనుక్కో. బలవంతాన చెప్పించకు.

అక్కడితో ఆగిపోకు. ఆ ఉప్పెనలో పదివేల మంది దాకా చనిపోయారు. 1990 మే నెలలో మళ్ళీ పెద్ద తుపాను అదే తీరాన్ని కొట్టినప్పుడు మరణాలు వెయ్యి లోపే. ఎందుకు తగ్గాయి? గాలి మెత్తబడి కాదు. ముందుగా హెచ్చరికలు వచ్చాయి, లక్షకు పైగా జనాన్ని ముందే ఖాళీ చేయించారు, తుపాను షెల్టర్లు కట్టారు. మీ దగ్గర్లో ఏ షెల్టరైనా ఉంటే ఒక పూట పిల్లలను తీసుకెళ్ళి చూపించు. దీన్ని కట్టాలని ఎవరు అనుకున్నారు, డబ్బు ఎక్కడిది, ఇప్పుడు దాన్ని ఎవరు బాగుచేయాలి అని వాళ్ళని అడగనివ్వు. ప్రభుత్వం అంటే ఏమిటో పదో తరగతి పుస్తకం కంటే ఆ గోడలే బాగా చెప్తాయి. ఆ గోడలు పెచ్చులూడుతూ ఉంటే అదీ పాఠమే.

ఇక నువ్వున్న చోటే ఉన్న అసలు సిసలు పాఠం చీరాల, పేరాల ఊళ్ళ ఉద్యమం. అంత మంచి కథ కాళ్ళ దగ్గర పెట్టుకుని దూరదేశాల కథలు వెతుక్కోకు. అప్పట్లో అక్కడి జనంలో నేతపనివాళ్ళూ చిన్న రైతులూ ఎక్కువ. 1919లో బ్రిటిష్ ప్రభుత్వం ఆ ఊళ్ళను కలిపి మునిసిపాలిటీ చేయాలని నిర్ణయించింది. ఏడాదికి నాలుగు వేల రూపాయల దాకా ఉన్న పన్ను నలభై వేలకు చేరేలా కనబడింది. జనం అర్జీలు పెట్టుకున్నారు. ఎవరూ వినలేదు. పన్ను కట్టమన్నారు. ఒక మహిళతో సహా కొందరు జైలుకెళ్ళారు. 1921 ఏప్రిల్లో గాంధీగారు చీరాల వచ్చారు. పన్ను కట్టకుండా శాంతంగా నిలబడటం, లేదా ఊరినే విడిచి మునిసిపాలిటీ హద్దులు దాటి వెళ్ళిపోవడం అనే దారులను జనం ముందు పెట్టారు. ఉద్యమాన్ని నడిపిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి మాట మీద వేలమంది ఇళ్ళకు తాళాలు వేసి, హద్దు అవతల పాకలు వేసుకుని, దానికి రామనగరమని పేరు పెట్టుకుని దాదాపు పదకొండు నెలలు ఎండకీ వానకీ ఓర్చి ఉన్నారు. గోపాలకృష్ణయ్యగారు తయారుచేసిన రామదండు వాలంటీర్లు అక్కడి కాపలా, సేవ చూసుకున్నారు. తగవులు తీర్చుకోవడానికి జనం తమ పంచాయతీ తామే పెట్టుకున్నారు. గోపాలకృష్ణయ్యగారు జైలుకెళ్ళారు, డబ్బు అడుగంటింది, చివరికి జనం ఇళ్ళకు తిరిగొచ్చారు. మునిసిపాలిటీ ఉండిపోయింది.

ఈ కథను నువ్వు వీరగాథలాగా ఒక్క ఊపులో చెప్పేస్తే సగం విలువ పోతుంది. ఐదో తరగతి పిల్లలను నాలుగు జట్లు చెయ్యి. ఒక జట్టు మగ్గం మీద బతికే కుటుంబం. ఒక జట్టు సర్కారు అధికారి. ఒక జట్టు రామదండు. ఒక జట్టు ఇల్లు వదిలి పాకకి వెళ్ళాల్సి వచ్చిన చిన్నపిల్లలు. అధికారి జట్టు కూడా గట్టిగా మాట్లాడాలి. ఊరు పెరుగుతోంది, మురుగు తీయించాలి, మంచినీళ్ళు ఇవ్వాలి, దీపాలు పెట్టాలి, డబ్బు ఎక్కడినుంచి తేవాలి అని అడగాలి. అప్పుడు నేత కుటుంబం జట్టు జవాబు వెతుక్కుంటుంది: "డబ్బు వద్దనడం లేదు. మా రాబడి ఎంతో చూడకుండా, మమ్మల్ని అడగకుండా వేశారు." ఇక్కడే అసలు కీలకం ఉంది. పన్ను చెడ్డదని పిల్లలకు నేర్పితే రేపు వాళ్ళ పంచాయతీకి వీధిదీపం వెలిగించడానికి డబ్బుండదు. ఎవరిని అడిగి వేశారు, ఎలా ఖర్చుపెట్టారు అని అడగడం నేర్పాలి. ఆ తర్వాత వాళ్ళ ఇంట్లోని ఇంటిపన్ను రసీదు తెచ్చి చూడమను. అప్పుడు నూరేళ్ళ నాటి కథ వాళ్ళింటి గుమ్మంలోకి వస్తుంది. మర్నాడు జట్లు మార్చు. నిన్న అధికారిగా మాట్లాడినవాడు ఇవాళ మగ్గం ముందు కూర్చోవాలి. ఎదుటివాడి మాట తన నోటితో ఒకసారి పలికినవాడు ఆ తర్వాత గొంతు చించుకోవడం తగ్గిస్తాడు.

ఇంకొకటి గమనించు. ఆ ఉద్యమం అనుకున్నది సాధించలేదు. ఆ సంగతి పిల్లలకి దాచకు. న్యాయంగా అడిగినవాళ్ళు ప్రతిసారీ గెలవరని తెలియడం కూడా చదువే. మరి వాళ్ళు పడ్డ పాటు వృథా అయిందా అని అడుగు. ఏం చెప్తారో విను. నీ జవాబు ముందే చెప్పెయ్యకు.

పాత కాలం చెప్పాలంటే ఒకప్పటి ఓడరేవు మోటుపల్లి ఉంది. కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనం అక్కడి వీరభద్రస్వామి గుడిలో స్తంభం మీద ఉంది. ఓడ పగిలి సరుకు ఒడ్డుకు కొట్టుకొస్తే అంతకుముందు రాజులు అదంతా లాక్కునేవారు. అలా చేయనని, సుంకం మాత్రమే తీసుకుంటానని ఆయన రాతి మీద రాయించాడు. పిల్లలను తీసుకెళ్ళగలిగితే తీసుకెళ్ళు. మాట ఇవ్వడం వేరు, అందరూ చదివేలా రాసి నిలబెట్టడం వేరని చూపించు. ఆ తర్వాత అడుగు: "రాజుగారు మాట తప్పితే ఆ వర్తకుడు ఎవరికి చెప్పుకోవాలి?" రాజు దయ ఉన్నంతకాలం ఉండేదే అభయం. మనకిప్పుడున్నది హక్కు. మాట తప్పితే అడగడానికి కోర్టుంది, ఓటుంది. 1949 నవంబరు 26న మన ప్రతినిధులు ఆమోదించి, 1950 జనవరి 26 నుంచి అమలుచేసిన రాజ్యాంగం ఎవరి దయా కాదు. ఈ తేడా తెలిస్తే జెండా పండగనాడు మిఠాయి కోసం మాత్రమే కాక, ఎందుకొచ్చామో తెలిసి నిలబడతారు.

అమరావతి కూడా దూరమేం కాదు. అక్కడి స్తూపాన్ని ఏ ఒక్క రాజో కట్టించలేదు. రాళ్ళ మీద దాతల పేర్లున్నాయి. వర్తకులు, గృహిణులు, భిక్షుణులు ఉన్నారు. విధికుడనే చర్మకారుడు తన తల్లి, భార్య, అన్నదమ్ములతో కలిసి ఇచ్చిన రాయి ఒకటుంది. దాదాపు రెండు వేల ఏళ్ళ నాడు తోలుపని చేసుకునే కుటుంబం ఒకటి తన పేరు రాతి మీద చెక్కించుకుంది. ఈ ఒక్క సంగతి చెప్తే, తన ఇంటి వృత్తి పేరు నలుగురిలో చెప్పడానికి వెనకాడే పిల్లలు తల ఎత్తి చూస్తారు. చరిత్రలో మనమూ ఉన్నామనే భావం పిల్లలకి ఇవ్వడం కంటే పౌరసత్వానికి గట్టి పునాది నాకు తెలియదు.

మూడో తరగతి వాళ్ళకి దుర్గాబాయి కథ చెప్పు. 1923లో కాకినాడలో కాంగ్రెసు సభలు జరిగాయి. అక్కడి ఖద్దరు ప్రదర్శన దగ్గర పద్నాలుగేళ్ళ దుర్గాబాయి వాలంటీరుగా నిలబడింది. జవహర్‌లాల్ నెహ్రూ వచ్చారు. టిక్కెట్టు లేదు. టిక్కెట్టు లేనిదే లోపలికి వెళ్ళడానికి వీల్లేదని ఆపేసింది. చివరికి ఆయనకి టిక్కెట్టు కొన్నాకే వదిలింది. పెద్దలు కంగారుపడినా నెహ్రూ ఆ అమ్మాయిని మెచ్చుకున్నారు. ఆ అమ్మాయే తర్వాత రాజ్యాంగ సభలో సభ్యురాలైంది. ఆమెనే మనం దుర్గాబాయి దేశ్‌ముఖ్‌గా ఎరుగుదుం. పిల్లలు ఈ కథను మళ్ళీ మళ్ళీ చెప్పమంటారు. చెప్పాక ఆ రోజే మీ బడిలో ఒక నియమం పరీక్షించు. మధ్యాహ్న భోజనం వరసలో సర్పంచిగారి అబ్బాయి కూడా వరసలోనే నిలబడాలి. నువ్వూ చేతులు కడుక్కునే చోట వరసలో నిలబడు. అది చూడని పిల్లలకి ఈ కథ కథగానే మిగులుతుంది.

మొదటి సార్వత్రిక ఎన్నికల కథ నాలుగో తరగతికి సరిపోతుంది. 1951 అక్టోబరు నుంచి 1952 ఫిబ్రవరి దాకా జరిగాయి. ఓటర్లు 17 కోట్లకు పైగా. వాళ్ళలో ఎక్కువమందికి చదువు రాదు. అందుకే ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె, దాని మీద గుర్తు. మొదటి ప్రధాన ఎన్నికల కమిషనరు సుకుమార్ సేన్ ముందు ఇంకో చిక్కు వచ్చింది. చాలామంది ఆడవాళ్ళు తమ పేరు చెప్పలేదు. ఫలానా వాళ్ళ అమ్మను, ఫలానా ఆయన భార్యను అని మాత్రం చెప్పారు. అలా ఉన్న దాదాపు 28 లక్షల మందిని జాబితా నుంచి తీసేయాల్సి వచ్చింది. సొంత పేరు చెప్పకపోతే సొంత ఓటు లేదు. ఈ సంగతి చెప్పి, ఇంటికెళ్ళి నాయనమ్మ పేరు, అమ్మమ్మ పేరు, వాళ్ళ అమ్మల పేర్లు అడిగి రాసుకు రమ్మను. చాలామంది పిల్లలకి నాయనమ్మ పేరు తెలియదు. తాతయ్య పేరు మాత్రం తెలుసు. అలా ఎందుకో వాళ్ళనే ఆలోచించనివ్వు. ఈ ఇంటిపని తెలుగు రాతకూ పనికొస్తుంది. చరిత్రకి వేరే గంట లేదని బాధపడ్డావు కదా, ఇదిగో వాళ్ళు రాసే పేరాలోనే చరిత్ర ఉంది.

ఇప్పుడు కాస్త జాగ్రత్తగా నడవాల్సిన చోటు. అంబేద్కర్‌గారు చిన్నప్పుడు బడిలో విడిగా, ఇంటినుంచి తెచ్చుకున్న గోనెపట్టా మీద కూర్చున్నారు. కుళాయి ముట్టుకోనివ్వలేదు. ప్యూను వచ్చి తిప్పితేనే నీళ్ళు, ప్యూను లేకపోతే దాహమే. ఈ మాట ఆయనే రాశారు. బడి, దాహం, కుళాయి అన్నవి పిల్లలకి వెంటనే తెలుస్తాయి, అందుకే ఇది తప్పక చెప్పు. చెప్పేటప్పుడు ఫలానా పేట నుంచి వచ్చిన పిల్లల వైపు నీ చూపు తిరగకూడదు. వాళ్ళను లేపి నిలబెట్టి మీ ఇంట్లో ఏమైందో చెప్పమని అనకూడదు. వాళ్ళు ఆ కథలో ప్రదర్శన వస్తువులు కారు. పాపం అనే మాట తరగతిలో రానివ్వకు. ఇది జాలి పడాల్సిన సంగతి కాదు, తప్పు అని తెలుసుకోవాల్సిన సంగతి. ఆ నియమం ఎవరు పెట్టారు, ఎందుకు ఎవరూ కాదనలేదు, ఎవరు కాదన్నారు అని అడగనివ్వు. అంటరానితనాన్ని రాజ్యాంగంలోని 17వ అధికరణం రద్దు చేసిందని చెప్పు. మన బడిలో ఒకే కుళాయి, ఒకే వరస, ఒకే బంతి ఉన్నాయో లేదో నువ్వే ముందు చూసుకో.

మీ బడి బీరువాలో పాత అడ్మిషన్ రిజిస్టర్లుంటాయి. ఒక ఆదివారం కూర్చుని చూడు. బడి పెట్టిన తొలి ఏళ్ళలో ఆడపిల్లలెందరు? యానాదుల ఇంటినుంచి మొదటి పిల్ల ఎప్పుడు చేరింది? ఎందరు రెండో తరగతితో మానేశారు? ఆ రిజిస్టర్లు పిల్లల చేతికివ్వకు, అందులో కులాలూ ఇంటి వివరాలూ ఉంటాయి. లెక్కలు మాత్రం నువ్వు తీసి, ఏడాది వారీగా బొమ్మ గీయించు. అప్పుడు అంతమందే ఎందుకు, ఇప్పుడు ఇంతమంది ఎలా వచ్చారు అనే ప్రశ్న దానంతటదే వస్తుంది. 2002లో 86వ సవరణ ద్వారా చదువు ప్రాథమిక హక్కయిందనీ, 2010 ఏప్రిల్ 1 నుంచి విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చిందనీ అప్పుడు చెప్తే అది బట్టీపట్టే తేదీగా ఉండదు. తాము అక్కడ ఎందుకు కూర్చున్నారో తెలిపే సంగతిగా ఉంటుంది.

రాష్ట్రం ఎలా ఏర్పడింది, ఎలా విడిపోయింది అన్నది కూడా అడుగుతారు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన 1953 అక్టోబరు 1, ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన 1956 నవంబరు 1, తెలంగాణ విడిపోయిన 2014 జూన్ 2, ఈ మూడు తేదీలూ తాడు మీద కట్టు. పిల్లల ఇళ్ళల్లో ఈ విషయం మీద గట్టి అభిప్రాయాలుంటాయి. కొందరి చుట్టాలు హైదరాబాదులో, ఖమ్మంలో, నల్లగొండలో ఉంటారు. కలిసి ఉండాలన్నవాళ్ళు ఏం కారణాలు చెప్పారు, వేరు కావాలన్నవాళ్ళు ఏం కారణాలు చెప్పారు అని రెండు వరసల్లో రాయించు. అవతలి వరస కూడా ఇవతలి వరసంత నిజాయితీగా ఉండాలి. నీ పక్షం ఏదో పిల్లలకి తెలియనక్కర్లేదు. పార్టీల పేర్లు తరగతిలోకి తేవద్దు. పిల్లలు ఇంట్లో ఫోనులో చూసిన వీడియోల సంగతులు మోసుకొచ్చి ఇదే నిజమంటారు. కసరకు. "ఎవరు చెప్పారు? వాళ్ళు అక్కడున్నారా? ఇంకెవరైనా అదే చెప్పారా?" అని ఉప్పెన నాటి ప్రశ్నలే మళ్ళీ అడిగించు. ఒక మతం వాళ్ళనో ఒక కులం వాళ్ళనో మొత్తంగా చెడ్డవాళ్ళనే కథ ఎవరైనా తెస్తే మాత్రం మెత్తగా ఊరుకోకు. ఒకరు చేసినదానికి అందరినీ అనడం మన తరగతిలో చెల్లదని స్పష్టంగా చెప్పు.

ఇవన్నీ చెప్పి, తరగతిలో నువ్వొక్కదానివే మాట్లాడితే ప్రయోజనం లేదు. వారానికోసారి అరగంట బాలసభ పెట్టు. మన బడి నియమాలేమిటో పిల్లలే రాయాలి, చేతులెత్తి కాక చీటీలేసి నాయకుణ్ణో నాయకురాలినో ఎన్నుకోవాలి. ఒకరు మినిట్స్ రాయాలి. ఎవరేం అన్నారు, ఏం నిర్ణయించారు, ఎవరు ఒప్పుకోలేదు అన్నది పుస్తకంలో ఉండాలి. ఓడిపోయిన మాట కూడా రాయాలి. వచ్చే ఏడాది పిల్లలు ఆ పుస్తకం తెరిచి, పోయిన ఏడాది వాళ్ళు ఏ నియమం ఎందుకు పెట్టారో చదివి, ఉంచాలో మార్చాలో తేలుస్తారు. అప్పుడు చరిత్ర, ప్రజాస్వామ్యం రెండూ వాళ్ళ చేతిలో ఒకే పుస్తకంగా ఉంటాయి. నువ్వు ఒప్పుకోలేని నిర్ణయం వాళ్ళు తీసుకుంటే కారణం చెప్పి కాదను. కారణం చెప్పకుండా కొట్టెయ్యకు. వాళ్ళు నిర్ణయించలేనివి ఏమిటో కూడా ముందే నిజాయితీగా చెప్పు.

ఊరిలోని మనుషులను బడికి పిలువు. 1993 నుంచి అమల్లో ఉన్న 73వ సవరణ వల్ల పంచాయతీల్లో మహిళలకు స్థానాలు కేటాయించారు. మీ సర్పంచి మహిళ అయితే ఆవిడనే పిలువు. ఆవిడ భర్త వస్తానంటే మర్యాదగా, పిల్లలు సర్పంచిగారిని అడగాలనుకుంటున్నారని చెప్పు. గ్రామసభ అంటే ఏమిటి, మొన్న ఏం తీర్మానం చేశారు అని పిల్లలు అడగాలి. మీ బడికి తల్లిదండ్రుల కమిటీ కూడా ఉంటుంది. విద్యాహక్కు చట్టం ప్రకారం ఈ కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులో సంరక్షకులో ఉండాలి, సగం మంది మహిళలుండాలి. అందులోని ఒక తల్లి వచ్చి తానేం చేస్తుందో చెప్తే, ఆమె బిడ్డ ఆ రోజంతా నిటారుగా కూర్చుంటుంది.

నీకున్న ఇబ్బందులు నాకు తెలుసు. ఒకే గదిలో రెండు మూడు తరగతులు, ఫోనులో హాజరు, యాపులు, చదవడం రాయడం లెక్కల మీద లక్ష్యాలు, తనిఖీలు. వీటన్నిటినీ పక్కన పెట్టమని అనను. వారానికి రెండు చిన్న పీరియడ్లు చాలు. నాయనమ్మను అడిగి రాసిన నాలుగు వాక్యాలు భాషకే వస్తాయి, అడ్మిషన్ లెక్కలు గణితానికే వస్తాయి. హెడ్మాస్టరుగారికి ముందే చెప్పి చెయ్యి, ఏం చేశావో డైరీలో రాసుకో. ఎవరైనా తల్లిదండ్రులు వచ్చి మా పిల్లాడు ఇంట్లో ఎదురు ప్రశ్నలు వేస్తున్నాడంటే, కూర్చోబెట్టి, అమర్యాదగా అడిగాడా, కారణం తెలుసుకోవాలని అడిగాడా అని విడదీసి మాట్లాడు. మొదటిదాన్ని నువ్వూ సరిదిద్దాలి. రెండోదాన్ని వాళ్ళూ కాపాడాలి.

ఏదో ఒక రోజు వెనక బెంచీ నుంచి ఒక పిల్లో పిల్లవాడో లేచి, "టీచర్, ఇది మీకెలా తెలుసు?" అని అడిగి తీరుతారు. ఆ రోజు కోప్పడకు. నవ్వి దాటెయ్యకు. ఎక్కడ చదివావో, ఎవరిని అడిగావో చెప్పు. తెలియకపోతే తెలియదని చెప్పి, ఇద్దరం వెతుకుదాం అను. మర్నాడు మరిచిపోకుండా జవాబు తీసుకురా. అధికారంలో ఉన్నవాళ్ళు అడిగితే జవాబు చెప్పాలని ఆ పిల్ల జీవితంలో మొదటిసారి చూసేది నీలోనే. ఆ పిల్లకి సర్పంచి కంటే, ఎమ్మెల్యే కంటే ముందు కనబడే ప్రభుత్వం నువ్వే తల్లీ.

సోమవారమే మొదలుపెట్టు. పురికొస కట్టు, చీటీలు రాయించు, మొదటి చీటీ వాళ్ళ చేతనే కట్టించు. దసరా సెలవుల్లో వచ్చి నీ బడి చూస్తాను. బాలసభ పుస్తకం నాకు చూపించాలి.

దీవెనలతో,
నీ పెద్దమ్మ